ఐదవ దినము, రెక్క చాచిన పక్షి: మోరిస్ బుకాయ్ వ్యాఖ్యానంపై ఒక పరిశీలన

ఫ్రెంచి వైద్యుడు మోరిస్ బుకాయ్ (1920–1998) బైబిలును, ఖుర్ఆన్‌ను, విజ్ఞానశాస్త్రాన్ని పక్కపక్కన ఉంచి రచించిన గ్రంథం 1976లో పారిస్‌లో వెలువడింది. అనంతరం అది అనేక భాషల్లోకి అనువాదమై ముస్లిం లోకమంతటా వ్యాపించింది. నేడు ఉపన్యాస వేదికలపై, కరపత్రాలలో, విద్యార్థుల చర్చలలో ఆ గ్రంథంలోని వాదనలు గ్రంథకర్త పేరైనా ప్రస్తావించకుండానే వినవస్తూ ఉంటాయి. ఒక గ్రంథం ఇంతటి ప్రభావం నెరపినప్పుడు దానిని కొనియాడడంతో సరిపెట్టక పరీక్షించి చూడడం విజ్ఞుల బాధ్యత. గ్రంథమంతటినీ ఒక్క వ్యాసంలో పరిశీలించడం సాధ్యం కాదు. అయితే జలచరాల సృష్టి, పక్షుల సృష్టి గురించి ఆయన వ్రాసిన భాగం చిన్నదే అయినా ఆయన పద్ధతిలోని బలమూ, బలహీనతా రెండూ అందులో స్పష్టంగా కానవస్తాయి.

ముందుగా ఆయనకు దక్కవలసిన గౌరవం దక్కాలి. ఖుర్ఆన్‌ను అనువాదాల ద్వారా కాక మూలంలో చదవాలని ఆయన అరబ్బీ నేర్చుకున్నారు. మతగ్రంథం అనగానే అది విజ్ఞానానికి విరోధి అని తీర్పు చెప్పే పాశ్చాత్య వాతావరణంలో ఉండి కూడా దైవగ్రంథాన్ని శ్రద్ధతో చదవవచ్చునని చాటారు. మిషనరీల విమర్శలకు జవాబు తోచక చిన్నబోయిన ఎందరో ముస్లిం యువకులకు ఆ గ్రంథం ధైర్యాన్నిచ్చింది. ఈ మేలును కాదనడం న్యాయం కాదు. ఇక్కడి ప్రశ్న వేరు. బుకాయ్ పద్ధతిలో చదివినప్పుడు ఆయత్ చెబుతున్న మాట పాఠకునికి వినబడుతుందా, లేక మరొక మాట దాని స్థానాన్ని ఆక్రమిస్తుందా?

ఆదికాండములోని ఐదవ దినము

బైబిలు మొదటి గ్రంథమైన ఆదికాండము సృష్టిని ఆరు దినాలకు పంచి చెబుతుంది. ఐదవ దినాన జలాలు జీవరాశితో నిండాలనీ, భూమికి పైన ఆకాశంలో పక్షులు ఎగరాలనీ దేవుని ఆజ్ఞ అవుతుంది. సముద్రపు మహాప్రాణులు, నీటిలో కదలాడే సమస్త జీవులు, రెక్కలు గల ప్రతి పక్షి వాటి వాటి తెగల ప్రకారం సృష్టించబడతాయి. అవి అభివృద్ధి చెందాలని దేవుడు ఆశీర్వదిస్తాడు. భూమిపై తిరిగే పశువులు, పురుగులు, మృగాలు ఆరవ దినానికి గాని రావు. మానవుడు ఆ తర్వాత వస్తాడు.

బుకాయ్ ఆక్షేపణ ఈ వరుస మీదనే. జీవం మొదట నీటిలో పుట్టిందన్న మాట వరకు ఆయనకు అభ్యంతరం లేదు. కాని పక్షులు భూచరాలకు ముందు పుట్టాయనడం అంగీకరించరానిదని ఆయన తీర్పు. ఎందుకంటే పక్షులు నేలపై నివసించిన సరీసృపాల వంశం నుండి వచ్చాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. 1861లో జర్మనీలో వెలుగుచూసిన ఆర్కియోప్టెరిక్స్ శిలాజం మొదలుకొని నేటి వరకు దొరికిన ఆధారాలు దీనినే బలపరుస్తున్నాయి. ఆ శిలాజం వయస్సు సుమారు 15 కోట్ల సంవత్సరాలు. చేపలైతే 50 కోట్ల సంవత్సరాలకు పూర్వమే ఉన్నాయి. కాలక్రమం ఒక్కటే కొలబద్ద అయితే బుకాయ్ చెప్పింది సరియైనదే. ఆ కొలబద్దతో ఆయన మరొక అడుగు వేసి ఉండవచ్చు కూడా. సముద్రపు మహాప్రాణులలో మొదట లెక్కకు వచ్చే తిమింగలాల పూర్వికులు నేలపై నాలుగు కాళ్ళతో నడిచిన జంతువులేనని శిలాజాలు తెలుపుతున్నాయి. అవి నీటిలోకి మళ్ళింది సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం.

అయితే ఆ అధ్యాయం కాలక్రమం చెప్పడానికే వచ్చిందా? నేడున్న తౌరాత్ ప్రతులలో మానవహస్తం చొరబడిందన్నది ముస్లింల విశ్వాసం. ఆ విశ్వాసం ఉన్నంత మాత్రాన ఆ గ్రంథాన్ని దాని ఉద్దేశం తెలుసుకోకుండా విమర్శించవచ్చునని అర్థం కాదు. సముద్రపు మహాప్రాణులకు హెబ్రీ మూలంలో ఉన్న పదం ‘తన్నీనిమ్’. అరబ్బీలోని ‘తిన్నీన్’ దానికి తోబుట్టువు. తెలుగు బైబిలులో ఇది ‘మహామత్స్యములు’ అయింది. కాని హెబ్రీ పదంలో చేప కంటే భీకర సర్పం, సముద్ర రాక్షసి అన్న ధ్వని ఎక్కువ. ఆనాటి బాబిలోను ప్రజల పురాణంలో మర్దూక్ అనే దేవుడు తియామత్ అనే సముద్ర శక్తితో పోరాడి, ఆమెను చంపి, ఆమె దేహాన్ని చీల్చి ఆకాశాన్ని నిర్మిస్తాడు. ఆదికాండములో అటువంటి పోరాటమేదీ లేదు. ఇరుగుపొరుగు జాతులు భయపడి కొలిచిన సముద్రశక్తి అక్కడ కేవలం ఒక సృష్టిప్రాణి. ఆరు దినాల వృత్తాంతంలో ‘బరా’ అనే సృష్టివాచక క్రియ మూడు సందర్భాలలోనే వస్తుంది: భూమ్యాకాశాలకు, ఈ మహాప్రాణులకు, మానవునికి. ఏవి దేవుళ్ళని జనులు భ్రమపడ్డారో వాటినే సృష్టి అని నొక్కి చెప్పడం అక్కడి ఉద్దేశం. ఇది తౌహీద్‌కు దగ్గరి మాట. బుకాయ్ దినాల వరుసను తప్పుపట్టడంలో నిమగ్నులై ఈ మాటను దాటిపోయారు.

యూద పండితులకు కూడా ఆ అధ్యాయంలోని చిక్కు తెలియకపోలేదు. మొదటి అధ్యాయం పక్షులను జలాలతో చేర్చి చెబితే, రెండవ అధ్యాయం వాటిని నేల నుండి రూపొందించినట్లు చెబుతుంది. తల్మూద్‌లోని హుల్లీన్ అనే భాగం ఈ ప్రశ్నను ఎత్తుకుని, పక్షులు నీరూ మన్నూ కలిసిన బురద నుండి పుట్టాయని సమన్వయిస్తుంది. దానిని వధా నియమాలతో ముడిపెడుతుంది కూడా. నేల నుండి వచ్చిన పశువుకు శ్వాసనాళం, ఆహారనాళం రెండూ తెగాలి. బురద నుండి వచ్చిన పక్షికి ఒకటి తెగితే చాలు. నీటి నుండి వచ్చిన చేపకు ఆ నియమమే లేదు. ఇస్లామీ షరీఅత్‌లోనూ చేపకు జబహ్ లేదు. పక్షికి మాత్రం పశువుకు వలెనే ఉంది. దైవగ్రంథాన్ని నమ్మి బ్రతికిన సమాజాలు సృష్టి వృత్తాంతం నుండి ఎటువంటి పాఠం తీసుకున్నాయో ఇందులో కానవస్తుంది. తాను ఏమి తినవచ్చును, ఏ ప్రాణి మీద తనకు ఎంతవరకు అధికారం ఉంది అన్నది ఆ సమాజాల ప్రశ్న. ఏది ముందు, ఏది వెనుక అన్నది వారి ప్రశ్న కాదు.

నీటి నుండి ప్రతి ప్రాణి

ఖుర్ఆన్‌లో భూమ్యాకాశాలు ఆరు దినాలలో సృష్టించబడినట్లు పలుచోట్ల ఉంది. కాని జలచరాలకు ఫలానా దినం, పక్షులకు ఫలానా దినం అని ఎక్కడా లేదు. బుకాయ్ దీనిని గమనించి, ఆదికాండములో ఉన్న పొరపాటు ఖుర్ఆన్‌లో లేదని సంతోషించారు. పొరపాటు లేదన్నది నిజమే. కాని అది పందెంలో గెలుపు కాదు. ఖుర్ఆన్ ఆ పందెంలో దిగలేదు. జీవుల పుట్టుక వరుసను చెప్పబూని సరిగా చెప్పిందని కాక, ఆ వరుసను చెప్పనే లేదని గ్రహించాలి. చెప్పకపోవడానికి కారణం ఆ ఆయతుల దృష్టి వేరొక చోట ఉండడమే.

సూరా అన్నూర్ 45వ ఆయత్‌లో అల్లాహ్ ప్రతి ప్రాణిని నీటితో సృష్టించాడనీ, వాటిలో కొన్ని పొట్టతో ప్రాకుతాయనీ, కొన్ని రెండు కాళ్ళతో, కొన్ని నాలుగు కాళ్ళతో నడుస్తాయనీ తెలుపబడింది. సూరా అల్ అంబియా 30వ ఆయత్‌లో జీవమున్న ప్రతి వస్తువు నీటి నుండి చేయబడిందన్న భావం ఉంది. బుకాయ్ ఈ రెంటినీ ఆధునిక జీవశాస్త్రంతో సరిపోల్చారు. జీవం నీటిలోనే మొదలైందన్న సిద్ధాంతం 7వ శతాబ్దపు మనిషికి తెలిసే వీలు లేదన్న ధ్వని ఆ వాదనలో ఉంది.

ఈ వాదన నిలబడేది కాదు. క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దంలోనే గ్రీకు తత్త్వవేత్త థేలీస్ సమస్తానికి మూలం నీరేనని భావించాడని అరిస్టాటిల్ నమోదు చేశాడు. పైగా జీవం సముద్రగర్భంలోని వేడి ఊటల వద్ద మొదలైందా, లేక నేలపైని చిన్న నీటి మడుగులలో మొదలైందా అని శాస్త్రజ్ఞులు నేటికీ వాదించుకుంటున్నారు. ఆయత్‌ను వీటిలో ఒక పక్షానికి సాక్షిగా నిలబెడితే రేపు ఆ పక్షం ఓడినప్పుడు ఆయత్‌కు ఏమి సమాధానం చెప్పాలి?

పూర్వ వ్యాఖ్యాతలు ఇదే ఆయత్ వద్ద మరింత జాగ్రత్తగా ఆగారు. అల్లామా జమఖ్షరీ (మరణం 1144) తన కష్షాఫ్‌లో ఒక సూక్ష్మమైన ప్రశ్న వేశారు. అన్నూర్ ఆయత్‌లో నీరు అన్న పదం ‘అల్’ లేకుండా అనిశ్చితంగా ఎందుకు వచ్చింది? అంబియా ఆయత్‌లో ‘అల్’తో నిశ్చితంగా ఎందుకు వచ్చింది? ఆయన సమాధానం ఇది: మొదటి చోట ప్రతి ప్రాణి తనకు ప్రత్యేకించబడిన ఒక నీటి నుండి, అంటే తన తన బీజం నుండి పుడుతుందన్న అర్థం. రెండవ చోట జీవులన్నింటికీ నీరనే పదార్థం ఉమ్మడి మూలం అన్న అర్థం. ఒకే నీరు, దాని నుండి ఇన్ని భిన్న రూపాలు. ఆయత్ చివర అల్లాహ్ తాను కోరినది సృష్టిస్తాడన్న మాట ఈ భావాన్నే పూర్తి చేస్తుంది.

ఆయత్‌లోని విభజనను గమనించినా ఇదే తేలుతుంది. అల్లామా ఖుర్తుబీ ప్రకారం పొట్టతో సాగే వాటిలో పాముతో పాటు చేప కూడా ఉంది. రెండు కాళ్ళ వాటిలో మనిషితో పాటు నేలపై నడిచేటప్పటి పక్షి ఉంది. చేపను పామును ఒక గుంపులోనూ, పక్షిని మనిషిని ఒక గుంపులోనూ చేర్చే జంతుశాస్త్రం ఏదీ లేదు. ఇది పామరుడైనా కంటితో చూసి ఒప్పుకోగల విభజన. దీనికి నాలుగు ఆయతుల ముందు, అంటే 41వ ఆయత్‌లో, రెక్కలు చాచిన పక్షులు అల్లాహ్‌ను స్తుతిస్తున్నాయనీ, ప్రతిదానికి తన నమాజు, తన తస్బీహ్ తెలుసుననీ ఉంది. ముందు ఆరాధన, తర్వాత పుట్టుక. ఈ సందర్భాన్ని కోసివేసి ఒక్క నీటి మాటను ప్రయోగశాలకు తీసుకుపోవడం బుకాయ్ పద్ధతిలోని మొదటి లోపం.

ఆకాశంలో నిలిచిన పక్షి

రెండవ లోపం పక్షుల ఆయతుల వద్ద మరింత ప్రస్ఫుటమవుతుంది. సూరా అన్నహ్ల్ 79, సూరా అల్ ముల్క్ 19 ఆయతులలో ఆకాశంలో ఎగిరే పక్షులను చూడమని ఆదేశం ఉంది. వాటిని పట్టి నిలిపేవాడు అల్లాహ్ తప్ప మరెవరూ కాదని తెలుపబడింది. బుకాయ్ ఇక్కడ పసిఫిక్ మహాసముద్రంలోని మటన్ బర్డ్ అనే వలసపక్షిని ఉదాహరించారు. అది దాదాపు 25,000 కిలోమీటర్లు ఎనిమిది అంకె ఆకారంలో ప్రయాణించి, ఆరు నెలల్లో బయలుదేరిన చోటికి తిరిగి చేరుతుందట. ఇంతటి దారి ఆ పక్షి నాడీకణాలలో ముందే లిఖించబడి ఉండాలి, ఆయత్ చెప్పే దైవాధీనత ఇదే కావచ్చునన్నది ఆయన సూచన.

ఉదాహరణ మనోహరమైనదే. కాని ఆయత్ పిలుస్తున్నది తల పైకెత్తి చూసే సాధారణ మనిషిని. గువ్వ గాని, గ్రద్ద గాని, తన ఊరి ఆకాశంలో ఏ పక్షి ఎగిరినా అతనికి అది చాలు. వేల కిలోమీటర్ల వలస గురించి ఆ ఆయతులలో ఒక్క మాట లేదు. జమఖ్షరీ ఇక్కడ కూడా పదాల పొందికను పట్టుకున్నారు. ముల్క్ ఆయత్‌లో రెక్క చాచడం నామవాచక రూపంలోనూ, రెక్క ముడవడం క్రియారూపంలోనూ వచ్చాయి. గాలిలో ఎగరడం నీటిలో ఈదడం వంటిదనీ, రెంటిలోనూ అవయవాలను చాచి ఉంచడమే మూలమనీ, ముడవడం ఊపు కోసం అప్పుడప్పుడు జరిగేదనీ, అందుకే దానికి క్రియారూపం వచ్చిందనీ ఆయన వివరించారు. వలసదారి గురించి ఊహించే అవసరం లేకుండానే పక్షి కదలిక మొత్తం ఆ వ్యాకరణంలో కళ్ళకు కడుతుంది.

పట్టి నిలపడం అంటే ఏమిటన్నది కూడా కొత్త ప్రశ్న కాదు. ముఅతజిలా పండితుడు ఖాజీ అబ్దుల్ జబ్బార్ అభిప్రాయంలో పక్షికి ఎగరడానికి వలసిన సాధనాలను అల్లాహ్ ఇచ్చాడు గనుక నిలపడం ఆయనకు ఆపాదించబడింది. ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (మరణం 1210) దీనిని అంగీకరించక, స్పష్టమైన అర్థాన్ని ఆధారం లేకుండా వదలరాదన్నారు. సాధనాలకూ సాధనకర్తకూ గల సంబంధంపై ఇంత లోతైన చర్చ ఎనిమిది శతాబ్దాలకు పూర్వమే నడిచింది. రెక్క పైనా క్రిందా గాలి ఒత్తిడి ఎట్లా పనిచేస్తుందో నేడు ప్రతి విద్యార్థికీ తెలుసు. ఆ జ్ఞానం అబ్దుల్ జబ్బార్ చెప్పిన సాధనాల జాబితాను పొడిగిస్తుంది. రాజీ ప్రశ్నను మాత్రం అది తాకదు.

అన్నింటికంటే ముఖ్యమైనది ముల్క్ సూరాలోని సందర్భం. పక్షుల మాటకు ముందు 16, 17 ఆయతులలో ఒక గద్దింపు ఉంది. భూమి తమను మ్రింగివేయదనీ, రాళ్ళు కురిపించే గాలి తమపై రాదనీ మీరు నిశ్చింతగా ఉన్నారా అన్నది దాని భావం. పక్షుల తర్వాత 21వ ఆయత్‌లో అల్లాహ్ తన ఉపాధిని నిలిపివేస్తే మీకు తిండి పెట్టేవాడెవడన్న ప్రశ్న ఉంది. పక్షిని పట్టి నిలపడానికీ, ఉపాధిని నిలిపివేయడానికీ అరబ్బీలో వాడబడింది ఒకే క్రియ. పక్షిని పడిపోకుండా ఆపిన చేతిలోనే మనిషి అన్నం కూడా ఉంది. పైన పక్షి కూలిపోనట్లే క్రింద నేల కుంగిపోకుండా ఉన్నది ఆ దయతోనే. ఆయత్ పక్షిని చూపుతున్నది మనిషికి తన నిశ్చింత ఎంత బలహీనమైనదో తెలియజేయడానికి. మటన్ బర్డ్ ప్రయాణాన్ని చదివి ఆశ్చర్యపడిన పాఠకుడు ఈ గద్దింపును వినకుండానే పేజీ త్రిప్పుతాడు. బుకాయ్ పద్ధతి వల్ల కలిగే అసలు నష్టం ఇదే.

మీ వంటి సమూహాలు

సూరా అల్ అన్ఆమ్ 38వ ఆయత్ ఈ విషయంలో కీలకమైనది. భూమిపై తిరిగే ప్రాణులు, రెండు రెక్కలతో ఎగిరే పక్షులు అన్నీ మానవుల వంటి ‘ఉమమ్’ అనీ, చివరకు అవి తమ ప్రభువు వద్దకు సమీకరించబడతాయనీ ఇందులో ఉంది. చేపల పేరు ఆయత్‌లో లేదు గదా అన్న సందేహాన్ని రాజీ తానే లేవదీశారు. చేప నీటిలో ప్రాకుతుంది గనుక భూచరాలలో చేర్చవచ్చు, లేదా పక్షి గాలిలో ఈదినట్లు నీటిలో ఈదుతుంది గనుక పక్షులలో చేర్చవచ్చు, మొదటిదే భాషకు దగ్గర అని సమాధానం చెప్పారు. కాబట్టి సముద్రజీవులు కూడా ఈ ఆయత్ పరిధిలోనివే.

బుకాయ్ ఈ ఆయత్‌ను జంతువుల సంఘజీవనానికి సూచనగా తీసుకున్నారు. తేనెటీగల, ఇతర ప్రాణుల జీవనవిధానంపై ఆధునిక పరిశోధనలు దీనికి తోడయ్యాయి. ప్రాణులు తమ ప్రభువు వద్దకు చేరతాయన్న ముగింపు వద్ద మాత్రం, జంతువుల మరణానంతర స్థితిపై ఇస్లాంలో సిద్ధాంతం ఉన్నట్లు కనబడదని చెప్పి ముందుకు సాగారు. ఇది సరికాదు. అడవి మృగాలు సమీకరించబడతాయని సూరా అత్తక్వీర్ 5వ ఆయత్ తెలుపుతున్నది. ప్రళయదినాన కొమ్ములు లేని గొర్రెకు కొమ్ముల గొర్రె నుండి న్యాయం ఇప్పించబడుతుందన్న హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

‘ఉమ్మత్’ అన్న పదాన్ని ప్రాణుల విషయంలో దైవప్రవక్త (స) ఎట్లా వాడారో చూస్తే ఆయత్ భావం ఇంకా తేటపడుతుంది. ఒక చీమ కుట్టిందని ఒక ప్రవక్త చీమల పుట్టనంతా కాల్పించగా, ఒక్క చీమ కోసం తస్బీహ్ చేసే ఒక ఉమ్మత్‌ను కాల్చావా అని అల్లాహ్ ఆయనను మందలించిన వృత్తాంతం బుఖారీ, ముస్లింలలో ఉంది. కుక్కలు కూడా ఉమ్మత్‌లలో ఒక ఉమ్మత్ కాకపోతే వాటన్నింటినీ చంపమని ఆదేశించి ఉండేవాడినన్న భావం గల హదీసు అబూదావూద్, తిర్మిజీలలో ఉంది. పిల్లలను పోగొట్టుకుని రెక్కలు కొట్టుకుంటున్న చిన్న పక్షిని చూసి, దీనిని బాధపెట్టినది ఎవరు, పిల్లలను తిరిగి ఇచ్చివేయండి అని ప్రవక్త (స) ఆదేశించిన సంఘటన కూడా అబూదావూద్‌లో నమోదైంది. మొదటి రెండింటిలో ఉమ్మత్ అన్న పదమే మనిషి చేతిని ఆపుతున్నది. మూడవ దానిలో అదే భావం ఆచరణలో కనబడుతున్నది. ఉమ్మత్ అంటే గుంపుగా జీవించే ప్రాణి అన్న సమాచారం మాత్రమే కాదు. అల్లాహ్‌తో సంబంధం గలది, మనిషిపై హక్కు గలది అన్న నిర్ణయం అందులో ఉంది.

తెలుగులో ఈ చిక్కు మరికొంత పెరుగుతుంది. ఉమమ్‌ను ‘జాతులు’ అని అనువదిస్తే, పాఠశాలలో జీవశాస్త్రం చదివిన వానికి అది జంతువుల వర్గీకరణగా తోస్తుంది. పిచ్చుక ఒక జాతి, కొంగ ఒక జాతి అని సరిపెట్టుకుంటాడు. ‘మీ వంటి’ అన్న మాట బరువు తేలిపోతుంది. ‘సమూహాలు’ లేక ‘సముదాయాలు’ అన్నది కొంత మేలు. ప్రవక్త మహనీయుల (స) అనుచర సమాజాన్ని ఉమ్మత్ అనడం తెలుగు ముస్లింలకు అలవాటే గనుక ఆ పదాన్నే ఉంచి వివరించడం ఇంకా మేలు.

పూర్వం ఈ భావం కథలలో కూడా పలికింది. 10వ శతాబ్దంలో బస్రాకు చెందిన ఇఖ్వానుస్సఫా వ్రాసిన ఒక రిసాలాలో పశువులు, పక్షులు, జలచరాలు తమ ప్రతినిధులను పంపి, జిన్నుల రాజు సభలో మనిషి దౌర్జన్యంపై ఫిర్యాదు చేస్తాయి. 1810లో కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల కోసం మౌల్వీ ఇక్రాం అలీ దీనిని ఉర్దూలోకి తెచ్చారు. తీర్పు చివరకు మనిషికే అనుకూలమైనా, ఆ ఫిర్యాదుకు మనిషి సులువుగా జవాబు చెప్పలేకపోతాడు.

కడలి ఆహారం, కడలి పరీక్ష

జలచరాలను గురించి ఖుర్ఆన్ చెప్పినదంతా మనిషి ప్రవర్తన చుట్టూ తిరుగుతుంది. సూరా అన్నహ్ల్ 14వ ఆయత్‌లో సముద్రం నుండి దొరికే తాజా మాంసం కృతజ్ఞతకు కారణంగా చూపబడింది. సూరా అల్ మాయిదా 96వ ఆయత్‌లో ఇహ్రాం స్థితిలో ఉన్నవానికి సముద్రపు వేట ధర్మసమ్మతం, నేల మీది వేట నిషిద్ధం. సూరా అల్ ఆరాఫ్ 163వ ఆయత్‌లో సముద్రతీరపు ఊరివారికి చేపలే పరీక్ష. వేట నిషేధించబడిన శనివారం నాడే చేపలు పైకి తేలి వచ్చేవి, తక్కిన రోజులలో వచ్చేవి కావు.

ఇక్కడ మరొక ప్రలోభం ఉంది. ఆంధ్ర తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిలిపివేస్తారు. శనివారపు చేపల ఆయత్ ఈ శాస్త్రాన్ని ఆనాడే సూచించిందని ఎవరైనా అనవచ్చు. అది కూడా బుకాయ్ బాటే అవుతుంది. ఆ నిషేధం చేపల సంరక్షణకు కాదు, విధేయతకు పరీక్ష. అయితే కళ్ళెదుట ఉన్న లాభాన్ని ఆజ్ఞ కోసం వదులుకోవడం నేర్చిన మనిషి ఏ మంచి నియమాన్నయినా పాటించగలడు. అంతవరకే ఆ ఆయత్‌ను తీసుకుపోవచ్చు.

షరీఅత్ పదాలు జంతుశాస్త్ర పదాలు కావనడానికి తెలుగునాట అందరికీ తెలిసిన ఉదాహరణ రొయ్య. హనఫీ ఫిఖహ్‌లో జలచరాలలో చేప మాత్రమే హలాల్. షాఫయీ, మాలికీ మజ్‌హబ్‌లలో పరిధి విశాలమైనది. రొయ్య చేపేనా? జంతుశాస్త్రం అది పీతకు చుట్టమంటుంది. 14వ శతాబ్దపు పండితుడు దమీరీ తన హయాతుల్ హయవాన్‌లో దానిని చిన్న చేపగా పేర్కొన్నారు. దీని ఆధారంగా మౌలానా అష్రఫ్ అలీ థానవీ వంటి వారు అనుమతించారు, మరికొందరు వారించారు. ఉభయులూ చర్చించింది అరబ్బుల వాడుకలో ఆ పదం దేనికి వర్తిస్తుందన్న విషయాన్నే. దైవవాక్యం మనుషుల భాషలో దిగింది. అందువల్ల దాని అర్థానికి మొదటి సాక్షి ఆ భాషే.

హెచ్చరిక కొత్తది కాదు

బుకాయ్‌కు ముందే ఈజిప్టుకు చెందిన తన్తావీ జౌహరీ (మరణం 1940) తన అల్ జవాహిర్ తఫ్సీర్‌ను 26 భాగాలలో, మొక్కల, జంతువుల బొమ్మలతో సహా వెలువరించారు. ప్రకృతిని గురించిన ఆయతులు 750కి పైగా ఉండగా, స్పష్టమైన ఫిఖహ్ ఆయతులు 150 మాత్రమేనని ఆయన వాదం. ముస్లింలు విజ్ఞానంలో వెనుకబడడం చూసి పడిన ఆవేదన ఆయనది. కాని ఆ సంపుటాలలోని శాస్త్ర సమాచారం చాలావరకు నేడు పాతబడింది.

14వ శతాబ్దంలో ఇమామ్ షాతిబీ తన మువాఫఖాత్‌లో, ఖుర్ఆన్‌ను అందరికంటే బాగా ఎరిగిన సహాబాలు దానిలో ఇటువంటి శాస్త్రాలను వెదకలేదని గుర్తుచేశారు. థానవీ సాహెబ్ కూడా తమ అల్ ఇంతిబాహాతుల్ ముఫీదాలో ఇదే ప్రమాదాన్ని చూపారు. నేటి సిద్ధాంతాన్ని ఖుర్ఆన్ అర్థంగా ప్రకటిస్తే, రేపు అది తప్పని తేలినప్పుడు ఖుర్ఆన్‌నే తప్పుపట్టే అవకాశం విరోధులకు ఇచ్చినట్లవుతుందన్నారు.

దీనికి ఎదురుగా ఇమామ్ గజాలీ (మరణం 1111) పేరు చెప్పడం కద్దు. వ్యాధిని, స్వస్థతను గురించిన ఆయత్‌ను పూర్తిగా గ్రహించేవాడు వైద్యం తెలిసినవాడేనని ఆయన జవాహిరుల్ ఖుర్ఆన్‌లో అన్న మాట నిజమే. కాని గజాలీ చెప్పిన దానికీ, బుకాయ్ చేసిన దానికీ తేడా ఉంది. గజాలీ దృష్టిలో విజ్ఞానం విశ్వాసి ఆశ్చర్యాన్నీ, వినయాన్నీ పెంచే సేవకుడు. బుకాయ్ పద్ధతిలో అది ఆయత్‌కు యోగ్యతాపత్రం ఇచ్చే న్యాయమూర్తి అవుతున్నది. పక్షి రెక్కను శాస్త్రం ఎంత వివరిస్తే అంత మంచిది. ఆ వివరణపై దైవవాక్య సత్యం ఆధారపడి ఉందనడమే ఆక్షేపణీయం.

నష్టపోయేది ఎవరంటే సరిపోలికల మీద విశ్వాసాన్ని నిలబెట్టుకున్న విద్యార్థి. థేలీస్ పేరు గాని, కొత్త పరిశోధన గాని ఎదురైన నాడు వాదన కూలుతుంది. దానితో పాటు గ్రంథంపై నమ్మకమూ సడలుతుంది. కూలినది ఒక వ్యాఖ్యాత కట్టిన గోడేనని అతనికి చెప్పేవారుండరు. రెండవ నష్టం అంతకంటే నిశ్శబ్దమైనది. పక్షిని గురించి ఖుర్ఆన్ ఎంత శాస్త్రీయంగా చెప్పిందో వేదికపై విన్న మనిషి ఇంటికి పోయి, పంజరంలోని చిలుకకు నీరు పోయడం మరచిపోయినా తాను ఆయత్‌ను ఉల్లంఘించినట్లు భావించడు. పిల్లికి అన్నం పెట్టక కట్టివేసి చంపిన స్త్రీ నరకానికి పోయిందన్న హదీసు అతనికి తెలిసినా, ఈ ఆయత్‌కూ ఆ హదీసుకూ గల బంధం అతనికి తట్టదు.

బుకాయ్ గ్రంథం చదవదగినదే. పరమత విమర్శకు జవాబుగా దానికి ఒక స్థానం ఉంది. కాని తఫ్సీర్‌గా దానిని స్వీకరించరాదు. జలచరాలను, పక్షులను చూపే ఆయతులు మూడు మాటలు చెబుతున్నాయి: ఇవి సృష్టి, దేవుళ్ళు కావు, ఇవి అల్లాహ్ నిలిపినందున నిలిచి ఉన్నాయి, నీవూ అంతే, ఇవి నీ వంటి ఉమ్మత్‌లు, వీటి విషయంలో నిన్ను ప్రశ్నించడం జరుగుతుంది. ఈ మూడింటిలో ఏదీ శాస్త్రం కొత్త పుంతలు తొక్కినప్పుడల్లా మార్చుకోవలసినది కాదు. తెలుగులో ఖుర్ఆన్ వ్యాఖ్యానం వ్రాసేవారు, దర్స్ చెప్పేవారు ఈ ఆయతుల వద్ద శాస్త్ర విశేషాలు చెప్పదలచుకుంటే చెప్పవచ్చు. అయితే ముందుగా ఆయత్ తన శ్రోతను అడుగుతున్న ప్రశ్నను అతనికి వినిపించాలి.